కెమెరాకి ఇవతల మేమెప్పుడు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం వందకు ఒకరం కూడా లేం. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయాక కూడా లెక్క మారలేదు. గుంటూరులోలా, కర్నూలులోలా మాకు పేటలకు పేటలు లేవు. ఎక్కడో ఒక మసీదు, దాని చుట్టూ కొన్ని ఇళ్ళు. చాలా పల్లెల్లో అదీ లేదు. ఎన్నికలప్పుడు ఓటు బ్యాంకు అని తిట్టించుకోవడానికి కూడా మేం చాలం.

ఇంత తక్కువమందిమి గనకనే మాకొక చిక్కు వచ్చిపడింది. మా చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి ముస్లిం అంటే మేం కాదు. వాళ్ళు రోజూ చూసే ముస్లిం సినిమాలోవాడు. సైకిలు మీద పోతున్న మమ్మల్ని చూసి వాళ్ళకు గుర్తొచ్చేది వాడే. సినిమా సాయిబుకి ఒక భాష ఉంది. 'నిమ్మల్కీ, నమ్మల్కీ' అంటూ సాగే భాష. మేం పుట్టి బుద్ధెరిగాక ఆ భాష మా ఏ ఇంట్లోనూ వినలేదు. ఇంట్లో మాది తెలుగు కలిసిన ఉర్దూ. గడప దాటితే మాదీ అందరి మాటే. 'ఏటి', 'ఎల్తన్నాం', 'ఓలమ్మో'. బడిలో మాస్టారు అడిగితే మాత్రం తోటి పిల్లలు మమ్మల్ని చూపించి 'నిమ్మల్కీ' అని నవ్వేవారు. ఆ పిల్లలది తప్పంటామా? వాళ్ళకు ఆ పాఠం చెప్పింది తెర.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. అదే తెర మా 'ఏటి', 'ఎల్తన్నాం'నీ వదల్లేదు. చాలా సినిమాల్లో శ్రీకాకుళం యాస వంటవాడికీ, పాలేరుకీ, పనిమనిషికీ, తాగుబోతుకీ ఇచ్చారు. హీరో ఆ యాస మాట్లాడడు. అంటే మమ్మల్ని చూసి రెండుసార్లు నవ్వారు. సాయిబులుగా ఒకసారి, ఉత్తరాంధ్ర వాళ్ళుగా ఇంకోసారి. మొదటి నవ్వులో మా పొరుగువాళ్ళు కూడా కలిశారు. రెండో నవ్వు వాళ్ళ మీదే పడింది. ఈ రెండు నవ్వుల మూలం ఒకటేనని వాళ్ళూ మేమూ కూచుని మాట్లాడుకున్నది లేదు.

మా బొమ్మ మేమెందుకు గీసుకోలేకపోయాం? కంపెనీలు, స్టూడియోలు లేకుండా తమ బొమ్మ తాము తీసుకున్నవాళ్ళు లోకంలో ఉన్నారు. వాళ్ళనే ఔత్సాహిక సినిమా క్లబ్బులవాళ్ళు అన్నారు. ఆ చరిత్రలో మా జిల్లాలెక్కడున్నాయో, మేమెక్కడున్నామో వెతుక్కోవడమే ఇక్కడ మా పని.

ముందు ఒక మాట. మేం నిన్నమొన్న వచ్చినవాళ్ళం కాదు. శ్రీకాకుళంలోని జుమ్మా మసీదు గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించింది. ఇంగ్లీషువాళ్ళు చికాకోల్ అని రాసుకున్న ఈ ఊరు ఒక సర్కారుకే పేరయింది. ఇక్కడి సన్నని మస్లిన్ బట్ట దూరదేశాలకు పోయింది. గురజాడ 1910లో ఒక కథకు 'పెద్ద మసీదు' అనే పేరు పెట్టారు. తర్వాత అది 'మతము - విమతము' పేరుతో అచ్చయింది. గుడికీ మసీదుకీ మధ్య ఉన్న గాయాన్ని దాచకుండా బయట పెట్టిన కథ అది. విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గా ఉరుసుకు ఈనాటికీ వచ్చేవాళ్ళలో మాకంటే హిందువులే ఎక్కువ. ఇదంతా మా నేల మీద జరిగింది. తెర మీదికి మాత్రం రాలేదు.

తెర మీదికి వచ్చిందేమిటి? 1949లో లైలామజ్ను వచ్చింది, 1955లో అనార్కలి వచ్చింది. ముస్లిం అంటే అరబ్బు ఎడారి, మొగలాయి దర్బారు. పరుపులు కుట్టేవాడు, లారీ తోలేవాడు, చేపల బుట్ట ఎత్తేవాడు అందులో లేడు. 1964లో బొబ్బిలి యుద్ధం వచ్చింది. అది మా జిల్లా కథే. 1757 జనవరి 24న జరిగిన ఆ యుద్ధం నిజానికి ఇద్దరు హిందూ జమీందార్ల మధ్య తగువు. విజయనగరం రాజు ఒక పక్క, బొబ్బిలి రాజు ఒక పక్క. ఫిరంగులు ఫ్రెంచి సేనాని బుస్సీవి. నడుమ బుస్సీ దివాను హైదర్ జంగ్ అనే ముస్లిం ఉన్నాడు. విజయరామరాజు వైపు మొగ్గి బుస్సీని బొబ్బిలి మీదికి నడిపించిన మాట చరిత్రలోనూ ఉంది. కాదనం. కానీ ఆ సినిమా ఆడిన వారం మాలో ఒక పిల్లవాడికి బడిలో హైదర్ జంగ్ అని పేరు పెట్టారు. విజయరామరాజు కులంలో పుట్టిన పిల్లవాడిని ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. దోషం ఒకరిదైతే మనిషికి అంటుతుంది, మాదైతే మతానికి అంటుతుంది. మా పెద్దలకు ఆ సంగతి ఆ వారమే అర్థమైంది.

తర్వాత 1992లో రోజా డబ్బింగై వచ్చింది. ఒక పక్క నమాజు చేస్తున్న తీవ్రవాది, ఇంకో పక్క మంటల్లో జెండా. ఆ ఏడాదే డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. సినిమా హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళలో మా స్నేహితులున్నారు. మేమూ ఉన్నాం. హాల్లో చప్పట్లు కొట్టకుండా కూచోవడం కూడా ఆ రోజుల్లో అనుమానమే.

ఇప్పుడు ఆ క్లబ్బుల కథకు వద్దాం. 1923లో కొడాక్ కంపెనీ 16 మిల్లీమీటర్ల ఫిల్మునీ, దానికి తగిన చిన్న కెమెరానీ బజారులోకి తెచ్చింది. అంతకు ముందు వాడిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఇట్టే అంటుకుని మండేది. ఈ కొత్తది అలా మండదు. ఇంట్లో ఆడించుకోవచ్చు. మూడేళ్ళకే, 1926లో, అమెరికాలో అమెచ్యూర్ సినిమా లీగ్ పుట్టింది. 1932లో ఇంకా చౌకైన 8 మిల్లీమీటర్ల ఫిల్ము వచ్చింది. ఇంగ్లండులో, యూరపులో ఊరూరా క్లబ్బులు లేచాయి. పదిమంది చందాలేసుకుని ఒక కెమెరా, ఒక ప్రొజెక్టరు, ముక్కలు అతికే పనిముట్టు కొనుక్కోవడం, ఒకరు కథ రాస్తే ఇంకొకరు తీయడం, నెలకోసారి అందరూ కూచుని చూసి బాగోగులు చెప్పుకోవడం. టిక్కెట్టు లేదు, లాభం లేదు. సరదా ఉంది. నిజానికి అందులో సరదా కంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. బొమ్మలో ఉన్నవాళ్ళూ, బొమ్మ తీసినవాళ్ళూ, బొమ్మ చూసినవాళ్ళూ ఒకరే.

మన దేశంలోకి ఆ పద్ధతి 1937లో బొంబాయికి వచ్చింది. అమెచ్యూర్ సినీ సొసైటీ ఆఫ్ ఇండియా అని పేరు. పెట్టినవాళ్ళలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ సంపాదకుడు స్టాన్లీ జెప్సన్ ఉన్నారు. పేరు చూస్తేనే తెలుస్తోంది అది ఎవరి క్లబ్బో. కెమెరా విదేశాల నుంచి రావాలి, ఫిల్మూ విదేశాల నుంచే రావాలి. తీసిన రీలు కడిగించాలంటే ఏ బొంబాయికో మద్రాసుకో పంపాలి. 1965లో సూపర్ 8 వచ్చాక కూడా ఒక డబ్బాలో 50 అడుగులే. మామూలు వేగంలో తిప్పితే 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోతుంది. జనపనార మిల్లు కూలీ, తోళ్ళ వ్యాపారం చేసే సాయిబు, పొందూరు నేతగాడు మూడు నిమిషాల సరదాకి ఎక్కడ తెచ్చి పెడతారు? కాబట్టి దొరలూ, సంపన్నులూ తమ పిల్లల పుట్టినరోజులూ, పులుల వేటలూ తీసుకున్నారు. ఔత్సాహికుడు అనే మాటకు మన దేశంలో డబ్బున్నవాడు అనే అర్థం అలా వచ్చింది.

స్వతంత్రం వచ్చిన ఏడాదే, 1947లో, సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ ఒక ఫెడరేషనయ్యాయి. 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వచ్చింది. ఈ సొసైటీలు చేసిన మేలు తక్కువేం కాదు. రష్యా సినిమా, ఇటలీ సినిమా, రాయ్ సినిమా 16 మిల్లీమీటర్ల ప్రింట్లుగా తెచ్చి చూపించాయి. కానీ సొసైటీ అంటే చూసేవాళ్ళ సంఘం. తీసేవాళ్ళ సంఘం కాదు. చూపు నేర్పింది, చేతికి పని ఇవ్వలేదు. మా పల్లెలకైతే అదీ రాలేదు. మాకు వచ్చింది డేరా సినిమా, సమాచార శాఖ వాళ్ళ వ్యాను. వ్యాను తెరమీద కుటుంబ నియంత్రణ బొమ్మ ఆడుతుంటే అందరూ మా వైపు తిరిగి చూసిన సంగతి మాకు బాగా గుర్తుంది.

మరి మా జిల్లాల్లో ఉత్సాహం లేదా? ఉంది, కావలసినంత ఉంది. అది నాటకంలోకి పోయింది. కన్యాశుల్కం మొదటిసారి 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు ఆడారు. మళ్ళీ 1953 నుంచి జె.వి. రమణమూర్తి, ఆయన అన్నగారు జె.వి. సోమయాజులు అదే విజయనగరంలో అదే నాటకాన్ని భుజాన వేసుకుని ఏళ్ళ తరబడి ఊరూరా తిప్పారు. పొద్దున్న ఉద్యోగం, రాత్రి రిహార్సలు. రెవెన్యూ శాఖ ఉద్యోగి సోమయాజులు 1980లో శంకరాభరణంలో శంకరశాస్త్రి అయ్యారు. మన అమెచ్యూర్ అంటే అది. కెమెరా కొనడానికి డబ్బు లేని చోట గొంతూ ఒళ్ళూ పెట్టుబడిగా పెట్టారు.

ఆ నాటకాల్లో మేం లేకపోలేదు. మా తాతల్లో ఒకరు తెర లాగేవారు. మా మామూల్లో ఒకరు పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చి తెల్లార్లూ గాలి కొడుతూ కూచునేవారు. నాటకమంతా నోటికి వచ్చు. వేషం మాత్రం ఇవ్వలేదు. ఇస్తే సాయిబు వేషమే, అదీ 'నిమ్మల్కీ' సాయిబే. ఒకసారి ఆయన దర్శకుణ్ణి అడిగారట. 'బావూ, మా ఇంట్లో ఎవులమూ ఇలాగ మాటాడం గదా' అని. 'నువ్వు మాటాడినట్టు మాటాడితే సాయిబువని ఎవడికి తెలుస్తాది?' అన్నాడట దర్శకుడు. మా ఇళ్ళలో ఈ ముచ్చట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. మేం మేంలా మాట్లాడితే ముస్లింలుగా చెల్లం. ముస్లింలుగా చెల్లాలంటే మేం కాకుండా పోవాలి.

డబ్బున్నవాడి చేతిలోంచి కెమెరాని లాక్కున్నవాళ్ళు కూడా ఉన్నారు. మా భూమి సినిమా 1980లో జనంలోకి వచ్చింది. తీసిన నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్‌లకు అదే మొదటి సినిమా. తెలంగాణ రైతుల కథ. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల. తెలుగు రైతు పోరాటం ఉర్దూ పుస్తకంలోంచి తెలుగు తెర మీదికి వచ్చింది. ఉర్దూ పరాయి భాష అనేవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. 1984లో కేరళలో జాన్ అబ్రహాం, ఆయన స్నేహితులు ఒడెస్సా అనే సంఘం పెట్టారు. ఊరూరా చాప్లిన్ సినిమా వేసి చూపించి, జనం దగ్గర చిల్లర పోగుచేసి 1986లో 'అమ్మ అరియాన్' తీశారు. క్లబ్బు అనే మాటకు అసలు అర్థం చెప్పింది వాళ్ళే. వీటిని మా జిల్లాల్లో అభ్యుదయవాదులు పొగిడారు. వ్యాసాలు రాశారు. అలాంటి సంఘం ఇక్కడ పెడదాం రమ్మని మా తలుపు తట్టినవాళ్ళు లేరు. మేమూ ఎవరి తలుపూ తట్టలేదు.

మేం చెయ్యలేదనేది కూడా ఒప్పుకోవాలి. తప్పంతా పరాయివాళ్ళ మీద వెయ్యడం మాకు ఇష్టం లేదు. మా పెద్దల్లో 'తస్వీరు తీయకూడదు' అన్నవాళ్ళున్నారు. హజ్ పాస్‌పోర్టు కోసం అదే పెద్దలు స్టూడియోకెళ్ళి టోపీ సర్దుకుని ఫోటో దిగారు. అవసరానికి హలాల్, కళకు హరామ్! తర్వాత వీడియో కెమెరా వచ్చింది. మాలో కొందరు కుర్రాళ్ళు దాంతో పొట్ట పోసుకున్నారు. ఊరందరి పెళ్ళిళ్ళూ తీశారు. తాళి కట్టే ఘడియ ఏ కోణంలోంచి తీయాలో పురోహితుడికంటే వాళ్ళకే బాగా తెలుసు. అందరి పెళ్ళి మొహాలూ మా కళ్ళలోంచి పోయాయి. మా కథ మాత్రం మేం తీసుకోలేదు.

ఒక సంగతి మాత్రం మినహాయింపు. మా నికాల్లో ఆడవాళ్ళ వైపు మగ వీడియోవాళ్ళను రానివ్వరు. అందుకని మా ఇంటి ఒక పెళ్ళిలో, చదువుకుంటున్న చెల్లెలికి కెమెరా ఇచ్చి లోపలికి పంపారు. బొత్తాం ఎక్కడుందో చెప్పారు, అంతే. ఆమె పెళ్ళికూతుర్ని ఐదు నిమిషాలు తీసి, తర్వాత గంటసేపు వంటింట్లో కూచుంది. బిరియానీ డేగ్‌ల దగ్గర చెమటలు కక్కుతున్న ఫూఫీలు, మూల కూచుని బీడీ తాగుతున్న నానీ, పిల్లకు పాలిస్తూ పాడుతున్న ఆపా. క్యాసెట్ చూసి మగవాళ్ళు 'టేపంతా పాడు చేసింది' అన్నారు. ఆ గంటా చెరిపించి దానిమీద ఏదో సినిమా ఎక్కించారు. మా జిల్లా ముస్లిం జీవితం మీద తీసిన మొదటి సినిమా అదేనేమో. చెరిపింది మేమే.

మాలాంటివాళ్ళే వేరేచోట అలా చెరపనివ్వలేదు. మహారాష్ట్రలో మాలేగాం అని మరమగ్గాల ఊరు. ముస్లింలు ఎక్కువ. అక్కడ వీడియో పార్లరు నడిపిన షేక్ నాసిర్ 2000 సంవత్సరంలో స్నేహితులను పోగేసి 'మాలేగాం కే షోలే' తీశారు. గబ్బర్ మనుషులకు గుర్రాలు లేవు, సైకిళ్ళున్నాయి. తర్వాత సూపర్‌మ్యాన్‌ను కూడా మాలేగాం తీసుకొచ్చారు. మగ్గం మీద పనిచేసే షఫీక్ షేక్ అనే బక్క కుర్రాడు ఆకాశంలో ఎగిరాడు. వాళ్ళ ప్రయత్నం మీద ఫైజా అహ్మద్ ఖాన్ 2008లో డాక్యుమెంటరీ తీశారు. ఈ మధ్యే రీమా కాగ్తీ ఆ కథతో పెద్ద సినిమాయే తీశారు. 2006 సెప్టెంబరు 8న అదే మాలేగాంలో ఖబరస్తాన్ దగ్గర బాంబులు పేలి నమాజుకొచ్చినవాళ్ళు చనిపోతే, ముందు అరెస్టయింది ముస్లిం కుర్రాళ్ళే. 2016లో కోర్టు వాళ్ళను వదిలేసింది. పత్రికల్లో మాలేగాం అంటే బాంబులు. మాలేగాం తీసిన మాలేగాంలో మాత్రం నవ్వులు, సైకిళ్ళు, పేదరికం, స్నేహం. రెండింట్లో ఏది నిజమో తీర్పు చెప్పమనడం లేదు. రెండోది ఉండబట్టి మొదటిదాన్ని నిలదీయడానికి ఒక సాక్ష్యం మిగిలింది. మాకు అలాంటి సాక్ష్యం లేదు.

2018లో మా పక్కనే ఒక మేలు జరిగింది. విశాఖపట్నంలోని కంచరపాలెం వీధుల్లో, చాలావరకు ఆ పేటవాళ్ళనే నటులుగా పెట్టి వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీశారు. నటన తెలియనివాళ్ళు తమ యాసలో తామే మాట్లాడారు. ఉత్తరాంధ్ర మాట వంటింట్లోంచి నడింట్లోకి వచ్చి కూచుంది. మొదటిసారి మా యాస విని హాలు నవ్వలేదు, కళ్ళు తుడుచుకుంది. మేమూ తుడుచుకున్నాం. రెండు నవ్వుల్లో ఒకటి ఆ రోజు ఆగింది.

రెండోది? ఆ సినిమాలో సలీమా ఉంది. మద్యం కొట్టుకు వచ్చి సీసా కొనుక్కుపోయే అమ్మాయి. కొట్టులో పనిచేసే గడ్డం ఆమె కళ్ళు చూసి ప్రేమిస్తాడు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఆమె ఒళ్ళమ్ముకుని బతుకుతోందని తెలిసినా వెనక్కి తగ్గడు. ఆ ప్రేమ గొప్పది, చూపించినవాళ్ళ మనసు మంచిది. అయినా అడగక తప్పదు. పేటలో ఇంతమంది ఆడవాళ్ళుండగా మా ఆడబిడ్డకు ముసుగూ, వేశ్యావృత్తీ, చావూ కలిపి ఎందుకు దక్కాయి? మా ఆపా బడిలో టీచరు. మా ఫూఫీ బజారులో గాజులమ్మింది. వాళ్ళెవరికీ తెర మీద చోటు దొరకదా? ఇది ఆ దర్శకుడి మీద ఫిర్యాదు కాదు. ఆయన తనకు తెలిసినంత తీశారు. తెలియజెప్పాల్సిన మేం తెర అవతలే ఉండిపోయాం. సలీమా ముసుగు తీసి మొహం చూపించే పని సలీమాదే. కెమెరా ఆమె చేతికి రావాలి.

ఇప్పుడు కెమెరా అందరి జేబులోనూ ఉంది గదా, ఇంకా క్లబ్బులేమిటి అంటారా? జేబులో కెమెరా ఉన్నంత మాత్రాన న్యాయం రాదు. 2017 డిసెంబరు 6న రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్‌లో అఫ్రాజుల్ అనే బెంగాలీ వలస కూలీని చంపినవాడు ఆ చంపడాన్ని వీడియో తీయించి లోకానికి పంచాడు. తీసినవాడు కూడా ఔత్సాహికుడే. టిక్కెట్టు లేదు, లాభం లేదు. చౌక కెమెరా ఎవరి చేతికి ముందు అందితే వాళ్ళ పని చేసిపెడుతుంది. తేడా పరికరంలో లేదు. పదిమంది కూచుని 'ఇది ఎందుకు తీశావు? ఇందులో ఉన్న మనిషిని అడిగావా?' అని నిలదీసే కూడిక ఉందా లేదా అన్నదే తేడా. పాత క్లబ్బుల్లో మాకు నచ్చినది కెమెరా కాదు. ఆ నెలకోసారి కూడిక.

అందుకని శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో, బొబ్బిలిలోనో పదిమందిమి చాలు. పదిమందీ ముస్లింలే అయ్యుండాలని లేదు. అలా ఉండకూడదు కూడా. జాలర్లు, నేతగాళ్ళు, సవర పిల్లలు, మాల మాదిగలు, మేం. తెర మీద యాసగానో, జోకుగానో, శవంగానో మాత్రమే కనపడ్డవాళ్ళందరం. సగంమంది ఆడవాళ్ళుండాలి, అది మాత్రం షరతు. మొదటి సినిమాకు పెద్ద కథ అక్కర్లేదు. పరుపు కుట్టే చేతులు తీయండి. ఉరుసు రోజు బాబామెట్ట ఎక్కే ముసలమ్మను తీయండి, ఆమె ఏ మతమో చెప్పకండి. మా ఇంట్లో మేం మాట్లాడే మాటను మాట్లాడినట్టే వినిపించండి.

నానీ ఇప్పుడు లేదు. బీడీ తాగుతూ వంటింటి మూల కూచున్న ఆమె బొమ్మ మా దగ్గర ఒక్కటీ లేదు. ఆ టేపు మాత్రం ఇప్పటికీ అటక మీద ఉంది. వేసి చూస్తే అందులో ఎవరిదో సినిమా ఆడుతుంది.